ఉత్త నూనె

లేదు మేడం, మీరు ఫోన్ల నా మాట పూర్తిగ ఇనలే. నాలుగు దినాలాయె డ్యూటీకి రాక, ముందుగాల ఒక మాట చెప్పలే, ఎలుకలకు నీళ్లెవరు పెట్టాలె అని మీ కోపం మీది. తప్పంటలేను. గని నేను చెప్పేది మాత్రం ఎవ్వరు ఇంటలేరు. ఈడ నర్సమ్మ ఇనది. డాక్టర్ సారు సగం ఇని లోపటికి పోతడు. మీరు కూడ ఇనకుంటె ఇగ నేను ఎవరికి చెప్పుకోవాలె?

కూసోండ్రి. గా బల్ల మీద కూసోండ్రి. ఎండల పడి కోదాడ నుంచి సూర్యాపేట దాక వచ్చిన్రు. మంచినీళ్లు తెమ్మంటరా? వద్దా. సరె.

లోపటున్నది మా మరియమ్మ. నా భార్య. గా తలుపు ఎన్కల, కిటికీ పక్క మంచం. మీరు ఒక్కసారి సూసిన్రు ఆమెను, యాదికున్నదా? రెండేండ్ల కింద నాకు సద్ది తీస్కొని కాలేజీకి వచ్చింది. నడి ఎండకాలం. నిండు చేతుల జాకెట్ ఏసుకొని, కొంగు మెడ చుట్టు కప్పుకొని గేటు కాడనే నిలవడ్డది. లోపటికి రా అమ్మా అని మీరు పిలిస్తె రాలే. సిగ్గనుకున్నరు మీరు. సిగ్గు కాదు మేడం.

ఆమెకు సోరియాసిస్. అవును, అదే. మీరు ఏ జబ్బు కోసమైతె నాలుగేండ్ల సంది గా మందు తయారు చేస్తున్నరో, అదే జబ్బు.

ఎందుకు చెప్పలే అంటె ఏం చెప్పాలె. మీతోని నాలుగేండ్లు పనిచేసిన, ఒక్కనాడు నోట్లకెల్లి రాలే. అంటుకునేది కాదని మీకు తెల్సు, నాకు తెల్సు. లోకానికి తెల్వది గదా. ఇంట్ల దాచి దాచి అలవాటైపోయింది.

రెండో కాన్పు అయినంక మోచేతుల కాడ షురువైంది. ఎర్రగ పొక్కి, పైన తెల్ల పొట్టు. ఆడికెల్లి మోకాళ్లు, వీపు, నెత్తి. మా ఊరు మోతెల నాట్ల ముఠా ఉంటది, పన్నెండు మంది ఆడోళ్లు. పదిహేనేండ్లప్పటి నుంచి వాళ్లతోనే పోయేది. ఒకనాడు అందరు కలిసి ఇంటికొచ్చిన్రు. "మరియమ్మా, ఈ ఏడు నువ్వు ఇంటికాడనే ఉండు, బురదల నానితె ఇంక ఎక్కువైతది నీకు" అన్నరు. ప్రేమగనే అన్నరు మేడం, అబద్ధమెందుకు. ఆ తర్వాత మల్ల పిలవలే.

మిర్యాలగూడల ఆమె అన్న బిడ్డ పెండ్లయింది. బంతిల ఈమె పోయి కూసుంటె పక్క కుర్చీల ఎవ్వరు కూసోలే. అటు ఒకటి ఖాళీ, ఇటు ఒకటి ఖాళీ. వడ్డించేటాయన ఆ ఖాళీ కుర్చీల ముంగట కూడ ఆకులేసి, ఎవరన్న వస్తరేమో అని అన్నం పెట్టిండు. రెండాకులల్ల అన్నం అట్లనే ఉండె. మరియమ్మ తినుడైనంక ఆ మూడాకులు తనే తీసింది.

పొద్దుగాల నేను లేవకముందే లేచి పక్క దులిపేది. రాలిన పొట్టు నేను సూడొద్దని. పదకొండేండ్లు దులిపింది. నేను కండ్లు మూసుకొని చీపురు సప్పుడు ఇనుకుంట పండుకునేటోన్ని. లేస్తె, నాకు తెల్సని ఆమెకు తెలుస్తది గదా. అందుకని లేవకపోయేటోన్ని.

తిప్పలేదా అంటె, తిప్పినం. కోదాడల సూపిచ్చినం, మిర్యాలగూడల సూపిచ్చినం, ఖమ్మం పోయినం. మలాం రాస్తె తగ్గుతది, ఆపితె ఇంక పెద్దగ వస్తది. హైదరాబాద్‌ల పెద్ద డాక్టరు ఏదో సూది ఉన్నదన్నడు, ధర చెప్పిండు. ఇద్దరం లేచి దండం పెట్టి వచ్చినం.

వస్తున్న మేడం, అసలు సంగతికే వస్తున్న. గివి చెప్పకుంట అది చెప్తె మీకు నేను దొంగ లెక్కనే కనపడత. చెప్పినంక కూడ దొంగనే. గని జర ఇనుండ్రి.

నేను మేళ్లచెరువుల సిమెంటు లారీలకు బస్తాలెత్తినోన్ని. నడుము పోయినంక తెలిసిన సారు ఒకాయన మీ కాలేజీల పెట్టిచ్చిండు, జంతువుల గదిల. మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చే ఊకను ఆవిరి పట్టి ఎలుకల కింద పరుసుడు, నీళ్ల సీసాలు నింపుడు, తూకం రాసుడు. బస్తాలెత్తిన చెయ్యి ఇది. దీనికి ఎలుకను పట్టుడు నేర్పింది మీరే. "మెత్తగా పట్టుకోండి సైదులు గారూ, అది భయపడితే రక్తంలో లెక్కలు మారిపోతాయి" అన్నరు. ఎలుక భయపడకూడదు అని నాకు జీవితంల ఎవరన్న చెప్పింది గదే మొదటిసారి. నాకు మంచిగనిపిచ్చింది.

మందు సంగతి కూడ మీరే చెప్పిన్రు, ఓపికగ, టీ తాగుకుంట. ఎండ తాకితె ఒంట్ల తయారయ్యే విటమిన్ డి చర్మానికి మంచి చేస్తది, గని మందు లెక్క ఎక్కువ ఇస్తె రక్తంల కాల్షియం పెరిగిపోతది, కిడ్నీలల్ల సున్నం కడతది. అందుకని దాని ఆకారంల ఒక కొమ్మ తీసి ఇంకో కొమ్మ అతికిచ్చి సూడాలె, చర్మానికి చేసే మేలు ఉండాలె, కాల్షియం పెంచే గుణం పోవాలె. గదే మీ చదువంత. సున్నం కట్టుడంటె ఏందో మేళ్లచెరువుల పనిచేసినోనికి చెప్పక్కర్లేదు. పదహారు నంబర్లు చేసిన్రు, పదహారు పోయినయ్. నాకు తెల్సు, ఆ సచ్చిన ఎలుకలను మోసింది నేనే. పదిహేడో నంబరు నిలిచింది.

చిట్టెలుకల వీపు మీద బొచ్చు తీసి, మలాం రాసి పొట్టు లేచేటట్టు చేసిన్రు సూడు, గా దినాలల్ల నాకు బువ్వ సయించలే. నాలుగో దినం ఆ వీపు సూస్తె మా మరియమ్మ మోచెయ్యే. అదే ఎరుపు, అదే తెల్ల పొట్టు. వాటి మీద పదిహేడు రాసినం. వారం తిరిగేసరికి వీపు సాఫ్. మీరు కండ్లద్దాలు తీసి చున్నీతోని తుడుసుకొని మల్ల పెట్టుకున్నరు. "సైదులు గారూ, నాకేనా ఇట్లా కనపడుతోంది, మీక్కూడానా?" అన్నరు. నాకు కూడ మేడం అన్న.

గప్పుడే అడిగిన నేను, ఇది మనుషులకు ఎప్పుడొస్తది అని. మీరు నవ్విన్రు. "అన్నీ బాగుంటే పదేళ్లు. బాగుండకపోతే ఎప్పటికీ రాదు" అన్నరు. మీకు అది మామూలు మాట. నేను మోతె దాక బస్సుల అదే అనుకుంట వచ్చిన. మరియమ్మకు నలబై ఒకటి. పదేండ్లంటె యాబై ఒకటి.

ఏం తీసిననో చెప్పమంటరా. చెప్త. మొదట పదిహేడో నంబరుది పారేసే డబ్బి తీసిన, అడుగున వేలుకంటేటంత మలాం ఉండె. ఎడమ మోచేతికి రాసిన. పట్నం నుంచి కొత్త మలాం తెచ్చిన అన్న. ఎనిమిది దినాలకు మోచెయ్యి పసిపిల్ల చెయ్యి లెక్క అయింది. గని మిగిలిన ఒళ్లంత ఉన్నది గదా మేడం. డబ్బి గీకితె ఎంతొస్తది?

గప్పుడే తొంబై దినాల పరీక్ష వచ్చె. ఎనబై ఎలుకలు, నాలుగు గుంపులు. మొదటి గుంపుకు ఉత్త మొక్కజొన్న నూనె. రెండో దానికి నూనెల తక్కువ మందు, మూడో దానికి నడిమి, నాలుగో దానికి ఎక్కువ. మీరు వారానికోసారి కలిపి, గోధుమరంగు సీసాలల్ల పోసి, ఎలుతురు తగలొద్దని రేకు కాయితం చుట్టి ఫ్రిజ్‌ల పెట్టేది. రెండు వారాలు మీరే పోసిన్రు వాటికి. ఆ తర్వాత మీకు పరీక్షల డ్యూటీ వడ్డది. "మీ చెయ్యి నాకన్నా మెత్తన సైదులు గారూ, మీరు పోసి పుస్తకంలో రాయండి" అని తాళంచెయ్యి నా చేతుల పెట్టిన్రు.

గా నడిమి సీసాల నుంచి తీసిన. కొంచెం కొంచెం.

ఇంట్ల ప్రార్థన నూనె ఉంటది. మా పాస్టరు మత్తయ్య గారు ప్రార్థన చేసి ఇచ్చింది, మరియమ్మ దినాం ఒంటికి పూసుకునేది. అది ఒంపేసి గా సీసాల ఇది పోసిన. పూసుకునుడు కాదంట, పొద్దుమాపు చెంచాడు తాగాలంట, అయ్యగారు చెప్పిండు అన్న. అయ్యగారికి ఏం తెల్వదు మేడం, ఆయన పేరు యాడ రాయకుండ్రి. మరియమ్మ చెంచా చేతుల పట్టుకొని, కండ్లు మూసుకొని ప్రార్థన చేసి తాగింది. నేను గోడ దిక్కు సూసిన.

పొట్టు రాలుడు తగ్గింది. మూడు వారాలకు కాళ్లు సాఫ్ అయినయ్. ఆరో వారానికి నెత్తి మీద తప్ప ఇగ ఏడ లే. ఒకనాడు పొద్దున నాకు మెలకువే రాలే. ఏందంటె, చీపురు సప్పుడు లేదు. ఆమె పండుకొనే ఉన్నది నా పక్కన, ఎలుతురొచ్చినంక కూడ. పక్క మీద ఏం లేదు. తెల్ల దుప్పటి, గంతే. గా దినం నేను బస్సు తప్పి లేటుగ వస్తె మీరు నవ్విన్రు, సైదులు గారు కూడా నిద్రపోతారా అని.

పొట్టి చేతుల జాకెట్ కుట్టిచ్చుకున్నది. ఆకుపచ్చది. ఆదివారం చర్చిల లేచి సాక్ష్యం చెప్పింది, దేవుడు నన్ను ముట్టిండు అని. రెండు చేతులు పైకి లేపి సూపిచ్చింది. అందరు స్తోత్రం అన్నరు. నాట్ల ముఠా ఆడోళ్లు కూడ ఉన్నరు అందుల, కొందరు ఏడ్చిన్రు. నేను ఎన్కల చెప్పుల కాడ నిలవడ్డ. నేనేం అనలే. ఆమె మొఖం మీరు సూసుంటె మీరు కూడ ఏం అనకపోదురు.

మల్ల నాట్లకు పిలిచిన్రు. పోయింది. బిందెల నీళ్లు ముంచి అందరికి పోసిందంట, తాగిన్రంట. ఇంటికొచ్చి అదొక్కటే మాట. "నా చేతి నీళ్లు తాగిన్రు."

ఆ తర్వాత ఆమెకే దూప వట్టింది.

ఎండకేమో అనుకున్నం. చెంబు తాగి మల్ల చెంబు. తాగుడు, బయటికి పోవుడు, వచ్చి మల్ల తాగుడు. బువ్వ వద్దన్నది. నోరు చేదన్నది. కడుపు గట్టివడ్డది, వాంతులు. పోయిన శుక్రవారం ఉప్పు డబ్బ చేతుల పట్టుకొని ఇది ఏందని నన్ను అడిగింది. నవ్వులాటకనుకున్న. శనివారం నన్ను సచ్చిపోయిన వాళ్ల తమ్ముని పేరు పెట్టి పిలిచింది, బువ్వ తిన్నవారా అని. ఊళ్ల డాక్టరు సెలైన్ ఎక్కిచ్చిండు, తెల్లారి వాళ్లే చెప్పిన్రు సూర్యాపేట తీస్కపొమ్మని.

ఈడ రక్తం సూసిన్రు. కాల్షియం పది ఉండాల్నంట. పదహారు ఉన్నది.

డాక్టర్ సారు చిన్నాయన, మంచోడు. మొదటి దినమే అడిగిండు, విటమిన్ డి సూదులు ఏసుకున్నదా, గోలీలు గిట్ల మింగిందా అని. లేదు సారూ అన్న. ఆ పరీక్ష కూడ చేయిచ్చిండు. విటమిన్ డి మామూలుగనే ఉన్నదని కాయితం వచ్చింది. వస్తది గదా. మీరు కొమ్మ మార్చిన మందును గా మిషన్ ఏం గుర్తువడతది? నాకు ధైర్యమొచ్చింది మేడం. సిగ్గులేకుంట చెప్తున్న, ధైర్యమే వచ్చింది. దొరకలే అనుకున్న.

గని సారు మనసు ఇంకోదిక్కు పోయింది. లోపట క్యాన్సర్ ఉంటె కూడ కాల్షియం గిట్ల పెరుగుతదంట. నిన్న పొద్దున ఎముకల నుంచి గుజ్జు తీసిన్రు పరీక్షకు, నడుము కాడ లావు సూది పెట్టి. తెలివి సక్కగ లేకున్నా నొప్పి తెల్సింది ఆమెకు. అరిచింది. ఈ బల్ల మీదనే కూసున్న నేను. ఆ అరుపు ఇన్నంక లేచిపోయి సారుకు చెప్పిన, ఎలుకల మందు తాగిచ్చిన అని.

తిట్టలే సారు. ఏం మందు, ఒంట్ల ఎన్ని దినాలుంటది, ఎంత పోస్తె ఏమైతది, కాయితాలు ఉన్నయా అన్నడు. నాకేం తెల్సు. దీనికి ఒక సూది ఉన్నది, స్టెరాయిడ్, మందు వల్లనే అయితె అది మంచిగ పనిచేస్తది, గని క్యాన్సరే అయితె ఆ సూది దాన్ని కొన్నాళ్లు కనపడకుంట దాచేస్తది, అందుకని రూఢిగ తెల్వకుంట ఇయ్యనన్నడు. మందు చేసినోళ్లను పిలువు, వాళ్లొచ్చి చెప్పాలె అన్నడు. గందుకే మేడం మీకు ఫోన్ చేసిన.

ఆ? పొద్దుమాపు చెంచాడు. అవును, నడిమి సీసాదే. పదకొండు వారాలు అనుకో.

కాదా? మల్ల చెప్పుండ్రి.

అంటె, బరువుకు బరువు లెక్కేస్తె మరియమ్మకు వడ్డది శానా తక్కువ అంటరు. అంతకు ఎన్నో రెట్లు తాగిన మూడో గుంపు ఎలుకలకు కూడ కాల్షియం కొంచెం కూడ పెరగలే అంటరు. కాబట్టి ఇది మందు పని కాదు, డాక్టర్ క్యాన్సర్ కోసం వెతుకుడే కరెక్టు. లోపటికి పోయి సారుకు గదే చెప్తనంటరు.

ఆగుండ్రి మేడం. లేవకుండ్రి. గా మాట లోపట చెప్పకుండ్రి. దండం పెడత. ఒక్క నిమిషం కూసోండ్రి.

జర నా మొఖం సూడకుండ్రి. గా గోడ దిక్కు సూడుండ్రి, చెప్త.

కొంచెం కొంచెం తీసిన అన్న గదా ఇందాక. అబద్ధం. మొదటి వారమే కొంచెం. రెండో వారం సగం. ఆ తర్వాత సీసాకు సీసా ఇంటికి తీస్కపోయిన. మూడో గుంపు సీసాల మొదటి గుంపు నూనె పోసి పెట్టిన. రంగు ఒకటే, వాసన ఒకటే, పైన మీరు చుట్టిన రేకు కాయితమే. గా ఇరవై ఎలుకలకు మీ మందు పడలే మేడం. తొమ్మిది వారాలు నేను వాటికి పోసింది ఉత్త నూనె. పుస్తకంల మాత్రం మీరు చెప్పినట్టె రాసిన. తారీఖు, టైము, ఎన్ని చుక్కలు, అన్ని రాసి సంతకం చేసిన.

అందుకే వాటికి కాల్షియం పెరగలే.

ఇంక నా పిచ్చి ఇనుండ్రి. దినాం పొద్దున డ్యూటీకొచ్చి ముందుగాల గా మూడో గుంపునే సూసేటోన్ని. మంచిగ తింటున్నయా, నీళ్లు ఎంత తాగినయ్, బొచ్చు నిగనిగలాడుతున్నదా అని. మంచిగున్నయ్ అనుకొని, అయితె మరియమ్మకు కూడ ఏం కాదు అని ధైర్యం తెచ్చుకునేటోన్ని. ఉత్త నూనె తాగే ఎలుకలు మంచిగ లేక ఏమైతయ్? వాటి సీసాల నూనె పోసింది నేనే, వాటిని సూసి నమ్మింది నేనే. మనిషి మతి గిట్ల కూడ పనిచేస్తదా మేడం?

నాలుగో గుంపుది ముట్టలే. అది కరెక్టే, మీ లెక్క మీరు నమ్మొచ్చు. రెండో గుంపుది కూడ ముట్టలే. ఒట్టు. నా ఒట్టుకు ఇలువ లేదు, తెల్సు.

ఏడుస్తున్నరా. మీరు ఏడిస్తె నేను సూడలేను. తిట్టుండ్రి, కొట్టుండ్రి.

మూడో గుంపు కాయితాలు వచ్చిన దినం మీరు స్వీట్లు పంచిన్రు గదా. నడిమి మోతాదు భద్రం, హైదరాబాద్ కంపెనీ తీసుకుంటమన్నది, ఇగ కుక్కలకు, ఆ తర్వాత మనుషులకు అని ఎంత సంబరంగ చెప్పిన్రు. నాకు రెండు మైసూర్‌పాకులు ఇచ్చి, ఒకటి మీ ఇంటామెకు అన్నరు. తీస్కపోయి ఇచ్చిన. నోరు చేదున్నా మేడం ఇచ్చిందని తిన్నది. గా దినం చెప్పాల్సింది నేను. మీ చేతుల డబ్బ ఉండె, అందరు నిలవడి ఉన్నరు, నోరు రాలే. రిపోర్ట్ పోయింది. రేపు ఎవరో మనిషికి గా మోతాదు పోస్తరు, గా ఇరవై ఎలుకలను నమ్మి. నాకు తెల్సు మేడం. తెల్సి ఊకున్న.

పోతున్నరా లోపటికి? పోండ్రి. మందే అని చెప్పుండ్రి సారుకు. మందు తప్ప ఇంకేం కాదు. సూది ఇయ్యమనుండ్రి.

*

అరగంట దాటింది మేడం. నేను ఈడనే నిలవడ్డ, కూసోబుద్ది కాలే. ఏమన్నడు సారు?

మొదలువెట్టిండా. సూది ఇచ్చిన్రా. మీ ఫోన్లనే నాలుగో గుంపు కాయితాలన్ని సూపిచ్చిన్రా. గుజ్జు పరీక్ష కూడ మంచిగనే వచ్చిందా, క్యాన్సర్ లేదా. సరె. సరె మేడం.

బతుకుతదా?

బతుకుతదంటడు. నిజంగనే అన్నడా, నా కోసం అంటున్నరా? ఒక్క మాట మీద ఉండుండ్రి.

కిడ్నీలు? ఊ. సున్నం. ఎంత పోయిందో ఇప్పుడు చెప్పలేరా. కొన్ని దినాలు మిషన్ మీద రక్తం శుద్ధి చెయ్యాలె, ఆ తర్వాత ఎంత తిరిగొస్తదో సూడాలె. మొత్తం మాత్రం రాదు. సరె. ఇంకేమన్న దాస్తున్నరా? ఆ, చర్మం. మందు ఆగింది గదా. మల్ల వస్తది. నేను అడగాలనుకోలే అది, మీరే చెప్పిన్రు. వస్తది. ఇంక జోరుగ వస్తదేమో.

మీరు కిటికీ కాడ నిలవడి ఫోన్ల మాట్లాడింది ఇనవడ్డది నాకు. మీ పెద్ద సారుతోనే గదా. "సార్, రిపోర్ట్ వెనక్కి తీసుకోవాలి. మూడో గుంపు మొత్తం చెల్లదు. ఇవాళే కంపెనీకి చెప్పాలి" అన్నరు. ఆయన ఎందుకని అడిగి ఉంటడు. "నేను దగ్గరుండి చూసుకోలేదు సార్, తప్పు నాది" అన్నరు మీరు. సైదులు చేసిండని ఎందుకు అనలే మేడం? నాలుగేండ్ల చదువు. మీరు ఇంటికి పోకుంట ల్యాబులనే తిని, ల్యాబులనే కునుకు తీసిన దినాలు నేను సూడలేదా? నా పేరు చెప్పుండ్రి. నా పేరు చెప్తె మీకు కొంచెమన్న బరువు తగ్గుతది.

ఇంకొకటి ఉన్నది. ఇది సారుకు చెప్పలే. మీకు కూడ చెప్పొద్దనే అనుకున్న. గని మీరు ఫోన్ల అట్ల అన్నంక చెప్పకపోతె నాకు బువ్వ దిగదు.

దూప అన్న దినమే నాకు తెల్సింది మేడం.

ఎలుకలల్ల ముందుగాల అయ్యేది గదే గదా. నాలుగో గుంపుల తూకం పడిపోకముందు, బొచ్చు లేవకముందు, నీళ్ల సీసాలు ఖాళీ అయినయ్. మొదట సూసింది నేను, మీకు చెప్పింది నేను. మీరు శభాష్ అన్నరు. అట్లాంటోనికి పెండ్లాం రెండు బిందెలు తాగితె తెల్వదా? ఎండ అనుకున్నం అని ఇందాక అన్న సూడుండ్రి, ఆమె అనుకున్నది ఎండ అని. నేను అనుకోలే.

గా దినమే ఆపిన. సీసా అయిపోయింది, మల్ల తెస్త అన్న. నాలుగు దినాలు ఇయ్యలే. ఐదో దినం ఆమె చెవి ఎన్కల రూపాయి బిళ్లంత పొట్టు లేచింది. చేత్తోని తడిమి సూసుకున్నది. అద్దం తీస్కొని గడప మీద కూసున్నది. పొయ్యి ముట్టియ్యలే, పనికి పోలే, పొద్దుగూకేదాక అద్దంల చెవి సూసుకుంట కూసున్నది. నేను డ్యూటీకెల్లి వచ్చేసరికి అట్లనే ఉన్నది. "నేను ఏం తప్పు చేసినయ్యా, దేవుడు మల్ల చెయ్యి తీసిండు" అన్నది.

నా తాన ఇంకా సీసా ఉన్నది గూట్ల. ఉన్నదని నాకు తెల్సు. తీసి ఆమె చేతుల పెట్టిన.

పదకొండు దినాలు మేడం. తెల్సినంక పదకొండు దినాలు పోసిన.

ఎందుకంటె నాకు కూడ ఆమె అట్లనే కావాలె. అది కూడ చెప్త, దాచేది ఏమున్నది. పదకొండేండ్ల తర్వాత ఆమె పొట్టి చేతుల జాకెట్‌ల ఇంట్ల తిరుగుతుంటె, నా పక్కన తెల్లారేదాక పండుకుంటె, ఇంకో వారం, ఇంకో నాలుగు దినాలు అనుకున్న. నీళ్లే గదా, తాగనీ అనుకున్న.

మీరు కాలేజీ కమిటీకి రాయాలె గదా ఇగ. ఎట్ల జరిగింది, ఎవరు చేసిన్రు అని. మీ మనసు నాకు తెల్సు. చదువు లేనోడు, మందు సంగతి తెల్వక, భార్య మీద ప్రేమతోని చేసిండు అని రాస్తరు. అట్ల రాస్తె నాకు శిక్ష తగ్గుతదని.

అట్ల రాయకుండ్రి మేడం. పదో తరగతి పాసైన నేను. మీరు ప్రతి సీసాకు ఒక చీటి అతికిచ్చేటోళ్లు, ఎర్ర అక్షరాలతోని, మనుషులకు వాడరాదు అని. ఇంగ్లీషులనే ఉండె, అయినా చదివిన. మొదటి దినం చదివిన, ఆఖరి దినం కూడ చదివిన. చదివినంకనే మూత తీసిన.